మహేంద్రగిరి ఎక్కుతూ ఎక్కాలు చదివాను

శివరాత్రికి మా వైపు జనం వేలల్లో మహేంద్రగిరి ఎక్కుతారు. నేనెప్పుడూ ఆ రోజు వెళ్లలేదు, గుంపు చూస్తేనే నాకు టెన్షన్. ఈసారి పండగ వెళ్లిన మూడు వారాలకి, మామిడి పిందె కట్టాక, ఒక్కడినే బయల్దేరాను. ఇంట్లో మాత్రం ఫ్రెండ్స్‌తో వెళ్తున్నానని చెప్పాను. అమ్మ ఇది చదవదులెండి.

తెల్లవారుజామున నాలుగింటికి పలాసలో బండి తీసి, మందస దాటి కొండ కింద ఆఖరి ఊళ్లో పెట్టేసరికి ఇంకా చీకటిగానే ఉంది. బండి కాస్త చూడమని ఒక అమ్మని అడిగితే నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఒక్కడివే ఎల్తన్నావేటి బావూ? ఎలుగులున్నాయి. గట్టిగా మాటాడుకుంటూ ఎల్లు."

ఉద్దానం వాళ్లకి ఈ మాట సరదా కాదు. 2022లో వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంటి జనం మీద పడిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే అది తప్పుకుంటుంది, చప్పుడు లేకుండా వెళ్లి ఎదురుపడితేనే ప్రమాదం. సరే, మాట్లాడుకుంటూ వెళ్దామనుకున్నా, కానీ ఒక్కడినే ఎవరితో మాట్లాడను? పాట పాడదామంటే పల్లవి దాటి ఏదీ రాదు. చివరికి ఎక్కాలు మొదలుపెట్టాను. రెండో ఎక్కం నుంచి పది దాకా గడగడా వచ్చేశాయి, పదమూడు దగ్గర మాత్రం నలభై ఏళ్లకి కూడా అదే తడబాటు.

కొండ ఎత్తు 1501 మీటర్లు. హిమాలయాల్లో తిరిగొచ్చినవాళ్లు ఈ అంకె విని నవ్వుతారు గానీ, అక్కడ సగం ఎత్తు జీపులోనే అయిపోతుంది, ఇక్కడేమో సముద్రం పక్క మైదానంలోంచి నడక మొదలు, కాబట్టి ఉన్న ఎత్తంతా మన మోకాళ్ల మీదే. మొదట జీడితోటలు, పూత వాసన గొంతులోకి దిగేంత ఘాటుగా. తర్వాత మోదుగలు, ఆకు ఒక్కటి లేకుండా చెట్టంతా కాషాయం. కొండ చీపుళ్ల మోపులు నెత్తిన పెట్టుకుని సవర ఆడవాళ్లు చెప్పుల్లేకుండా దిగిపోతుంటే, బూట్లేసుకుని, చేతిలో కర్రతో ఆయాసపడుతున్న నేను పక్కకి జరిగి దారిచ్చాను.

దారి తప్పుతానేమోనని భయపడ్డాను గానీ ఆ అవసరమే రాలేదు. శివరాత్రి భక్తులు పారేసిన నీళ్ల సీసాలు, గుట్కా కవర్లు పైదాకా దారి చూపించాయి. తిట్టుకుంటూనే వాటి వెంట నడిచాను.

ఐదున్నర గంటలు పట్టింది. పైన అడవి పలచబడి గడ్డి మొదలైంది, చెమట మీద చల్లగాలి తగిలి వణుకొచ్చింది. కుంతి గుడి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక తెల్లకారు! ఒడిశా వైపు నుంచి దాదాపు గుళ్ల దాకా రోడ్డుందని తెలుసు, అయినా కారు చూడగానే ప్రాణం ఉసూరుమంది. బరంపురం నుంచి వచ్చిన తెలుగువాళ్లు. నడిచొచ్చానంటే పాపం అనుకుని నాలుగు పూరీలు పెట్టారు. పర్లాకిమిడి దాకా దింపుతామన్నారు కూడా. బండి అవతల రాష్ట్రంలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కేసేవాడినే.

కొండ కొసన భీముడి గుడి. చిన్నది, కానీ రాళ్లు చూడాలి, ఒక్కొక్కటి ఇంటి గోడంత. పాండవులు కట్టారంటారు, పరశురాముడు ఇప్పటికీ ఇక్కడే తపస్సులో ఉన్నాడంటారు. కళింగ గంగ రాజులు తమ తామ్రశాసనాల్లో ముందుగా తలుచుకున్నది ఈ కొండ మీది గోకర్ణస్వామినే. రాజేంద్ర చోళుడి శాసనం కూడా ఇక్కడే ఉందని చదివి గుళ్లన్నీ తిరిగి వెతికాను. నా కంటికి కనబడింది సుద్దముక్కతో రాసిన ప్రేమజంటల పేర్లే.

ఆకాశం తేటగా ఉంటే సముద్రం కనిపిస్తుందట. నాకు మసక తప్ప ఏమీ కనబడలేదు. ఈ కొండలోనే పుట్టిన మహేంద్రతనయ అటే దిగిపోయి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నప్పుడు ఆ నీళ్లలో ఎన్నిసార్లు ఆడానో, పేరులో తనయ అంటే ఈ కొండ కూతురని మాత్రం అప్పుడు తట్టలేదు. గుడి నీడలో మిగిలిన రెండు పూరీలు తింటూ ఆ మసక వైపే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో చూసుకోలేదు, అదే తప్పైంది.

దిగడం గురించి ఎక్కువ చెప్పను. మోకాళ్లు వణికాయి, నీళ్లు అయిపోయాయి, జీడితోటల్లోకి వచ్చేసరికి చీకటి పడిపోయింది. ఈసారి ఎక్కాలు భయంతో చదివాను, ఇరవై దాకా.

బండి దగ్గర ఆ అమ్మ ఇంకా మేలుకునే ఉంది. చెంబుతో నీళ్లిచ్చింది.

"ఎలుగు కనబడిందేటి?"

"లేదమ్మా."

"ఎందుకు కనబడతాది? పొద్దున్న నువ్వెల్తంటే మా ముసిలోడు ఇన్నాడు. ఎవుడో పెద్ద మంత్రాలోడు ఎల్తన్నాడన్నాడు."

పదమూడో ఎక్కమని నేను చెప్పలేదు.