నాన్న బండి ముల్లు

ఆదివారం రాత్రి.

నాన్న రాజ్‌దూత్ 350 ఆర్‌పీఎం మీటరు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) మీద నాకు చాలా రోజులుగా అనుమానం. ఇంజన్ చప్పుడు ఒకలా ఉంటే ముల్లు ఇంకోలా చూపిస్తోంది. పోయిన వారం ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న మీటరు అడిగి తెచ్చాను. అది ఫోర్‌స్ట్రోక్ సెట్టింగులో ఉందని చూసుకోలేదు. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో రెండు చుట్లకు ఒకసారి ప్లగ్గు నిప్పురవ్వ కొడితే, టూస్ట్రోక్ అయిన ఈ బండిలో ప్రతి చుట్టుకూ కొడుతుంది కాబట్టి అంకె రెట్టింపు వచ్చింది. సెట్టింగు మార్చుదామంటే బ్యాటరీ అయిపోయింది.

ఈరోజు పాత పద్ధతి పట్టాను. అటక మీద ఐరన్ చోకు ఉన్న ట్యూబ్‌లైటు ఒకటి మిగిలింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు, ఒక్కో ఆవృత్తిలో రెండు సార్లు, కాబట్టి ఆ లైటు నిమిషానికి 6,000 సార్లు మినుకుమంటుంది. ఎలక్ట్రానిక్ చోకుతో ఈ పని కాదు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 మధ్య ఉండాలని నియమం. మా ఇంట్లో దీన్ని మించిన కొలబద్ద ఇంకేం దొరుకుతుంది!

చీకటి పడ్డాక షెడ్డు తలుపులు బార్లా తీసి, ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) మూత విప్పి, అందులో ఇంజన్‌తో పాటే తిరిగే రోటర్ మీద చాక్‌పీసుతో ఒక్క గీత గీశాను. లైటు నాన్న పట్టుకున్నారు. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతుంటే, ఒక చోట ఆ ఒక్క గీతే నాలుగై, మసకగా, కదలకుండా నిలబడింది.

"ఒరేయ్, నాలుగు కనిపిస్తున్నాయిరా!" అని నాన్న అరిచారు.

నాలుగు గీతలంటే లైటు ఒక్కోసారి మినుకుమనేలోపు రోటర్ పావు చుట్టు తిరుగుతోందని, అంటే 6,000లో నాలుగో వంతు, 1,500. ముల్లు 1,350 దగ్గరుంది. ఇంకాస్త పెంచితే రెండు గీతలు నిలిచాయి, అంటే 3,000. ముల్లు 2,700. లోడు లేకుండా అంతకు మించి తిప్పడానికి నాకు మనసొప్పలేదు.

రెండు చోట్లా ఒకే 150 తగ్గి ఉంటే ముల్లు జరిగిందనుకునేవాణ్ని. కానీ రెండు చోట్లా తగ్గింది సరిగ్గా పదో వంతు. మీటరు లోపల కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం ముల్లు ఉన్న అల్యూమినియం గిన్నెను తనతో లాగుతుంటే, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇన్నేళ్లకు అయస్కాంతం బలం తగ్గి ఉంటుంది. వయసు కదా.

శ్రీశైలం ఘాట్‌లో కూడా 6,000 దాటనివ్వలేదని నాన్న ఎప్పుడూ చెప్తారు. అప్పటికే మీటరు ఇలా ఉండుంటే ఇంజన్ 6,600 దాటే తిరిగుంటుంది. ఆ మాట చెప్పగానే ఆయన ట్యాంకు మీద చెయ్యి వేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు బాధేసింది, చెప్పకుండా ఉండాల్సిందేమో.

రిపేరుకు ఇస్తే మీటరు చుట్టూ నొక్కి బిగించిన అంచు కోయాలి. నాన్న వద్దన్నారు, నాకూ ఇష్టం లేదు. ఒక కాగితం మీద "2,700 అంటే 3,000" అని ఆయనే రాసి, సీటు కింద అంటించారు. తొమ్మిదింటికి మూత బిగించి, చేతులు కడుక్కుని ఇద్దరం భోజనానికి కూర్చున్నాం.