రోటిఫర్ బకెట్ మళ్ళీ క్రాష్

సముద్రపు అక్వేరియంలోని జీవులకు మేతగా బకెట్లో పెంచే రోటిఫర్లు (నీళ్ళలో బతికే అతి చిన్న జీవులు) మళ్ళీ ఒక్క రాత్రిలో మూకుమ్మడిగా చచ్చాయి. సాయంత్రం మిల్లీలీటరుకు 180 ఉన్నాయి. తెల్లారేసరికి నురగ, కుళ్ళు వాసన, అడుగున తెల్లటి మడ్డి. ఎండలు ముదిరినప్పటి నుంచీ ఇదే తంతు. ఒళ్ళు మండిపోతోంది.

20 లీటర్ల బకెట్, సాలినిటీ (ఉప్పదనం) 22 పీపీటీ, అంటే వెయ్యికి 22 వంతులు, నీళ్ళ వేడి 32 డిగ్రీలు, పీహెచ్ 8.3. రోజూ నాలుగో వంతు వడకట్టి ట్యాంకుకి పోస్తున్నా. మేత నానోక్లోరాప్సిస్ అనే పచ్చటి సూక్ష్మ నాచు. ఆకలితో చచ్చాయనడానికి వీల్లేదు, క్రాష్ అయిన పొద్దున కూడా నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. అంటే చావడానికి ముందే తినడం మానేశాయి. ముందురోజు మైక్రోస్కోపు కింద చూస్తే గుడ్లు మోస్తున్న ఆడవి దాదాపు లేవు. పొద్దున చుక్క నిండా సీలియేట్లే (నూగుతో ఈదే ఏకకణ జీవులు). అవే చంపాయని చాలామంది అంటారు గానీ, శవాల మీద పెరిగిన బ్యాక్టీరియా కోసం అవి తర్వాత చేరాయని నా అనుమానం.

అసలు దొంగ అమోనియా అనుకుంటున్నా. అమోనియా కొలిచే చుక్కల కిట్‌లో 2 పీపీఎం వచ్చింది. 8.3 పీహెచ్, 32 డిగ్రీల దగ్గర అందులో పదో వంతుకు పైగా విషపు రూపంలోనే ఉంటుంది. అదే 28 డిగ్రీలు, పీహెచ్ 7.5 అయితే రెండు శాతం లోపే. సీకెమ్ అమోనియా అలర్ట్ బిళ్ళ ఆ విషపు భాగాన్నే చూపిస్తుంది కాబట్టి ఇలాంటి పెంపకాలకు (కల్చర్లకు) చుక్కల కిట్ కన్నా నాకదే నచ్చుతుంది.

టిస్బే (కోపెపాడ్ జాతి బుల్లి జీవి) పెంచే జాడీ మాత్రం దివ్యంగా ఉంది, వాటిని తినే మాండరిన్ చేప పొట్ట గుండ్రంగా తేలింది.

ఈసారి మిగిలిన రోటిఫర్లను 53 మైక్రాన్ల జల్లెడ మీద బాగా కడిగి (సీలియేట్లు చాలావరకు జారిపోతాయి) రెండు చిన్న బకెట్లుగా విడదీస్తా. ఒకటి ఏసీ గదిలో, ఒకటి బాల్కనీలో. రెండింటి పీహెచ్‌నూ పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో 7.5 దగ్గర పట్టి ఉంచుతా. వెనిగర్ వద్దు, అది బ్యాక్టీరియాకు మేత. బాల్కనీ బకెట్ కూడా నిలబడితే తప్పు పీహెచ్‌ది, అదొక్కటే పడిపోతే వేడిది.

ఇంకొకటి మేత సంగతి. నానోలో (నానోక్లోరాప్సిస్‌లో) ఈపీఏ బోలెడు, డీహెచ్‌ఏ దాదాపు సున్నా; రెండూ ఒమేగా-3 కొవ్వులే. ట్యాంకులోని ఫెదర్ డస్టర్ పురుగులకూ, పగడాల బంధువులైన జోయాంథిడ్లకూ రోటిఫర్లు పొయ్యబోయే ముందు కొన్ని గంటలు డీహెచ్‌ఏ ఉన్న ఐసోక్రైసిస్ నాచు తినిపిస్తేనే ఆ మేతకు బలం. సీసాల్లో అమ్మే ఫైటో (ఇలాంటి సూక్ష్మ నాచు) మన ఎండల్లో కొరియర్‌లో ఉడికిపోతుంది, డబ్బు దండగ. భీమిలి వైపు రొయ్యల హేచరీలు ఎక్కువగా కీటోసెరాస్, థలాసియోసిరా లాంటి డయాటమ్‌లే (గాజులాంటి పెంకున్న సూక్ష్మ నాచు) పెంచుతాయి. ఎవరి దగ్గరైనా వేడికి తట్టుకునే తహితీ ఐసోక్రైసిస్ స్టార్టర్ (పెంపకం మొదలుపెట్టే విత్తు) దొరుకుతుందేమో ఈ ఆదివారం వెళ్ళి అడుగుతా.