కార్బొరేటర్ లేని బండి

కోనసీమ మలికిపురంలో నాకు చిన్న టూవీలర్ షెడ్డు ఉంది. పదో తరగతి తప్పాక మా మేనమామ దగ్గర చేరి పని నేర్చుకున్నాను. బండి శబ్దం విని జబ్బు చెప్పడం ఆయన నాకిచ్చిన విద్య. స్టార్టింగ్ ట్రబుల్ అంటే ప్లగ్ తీసి చూడటం, పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ విప్పి జెట్లు ఊది పెట్రోల్‌తో కడగడం, స్క్రూ తిప్పి స్లో స్పీడ్ సెట్ చేయడం. 24 ఏళ్ళు ఈ చేతుల మీదే ఇల్లు గడిచింది, ఇద్దరు పిల్లలూ చదువుకున్నారు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. పొగలో విషం తగ్గించడానికి పెట్టిన రూలు, మంచిదే. దాంతో కొత్త బళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. ఎంత పెట్రోల్ చిమ్మాలో ఈసీయూ అనే చిన్న పెట్టె లెక్క కడుతుంది. గాలి ఎంత, వేడి ఎంత, యాక్సిలరేటర్ ఎంత తిప్పారు అన్నది సెన్సార్లు దానికి చెబుతుంటాయి. వారంటీ ఉన్నన్నాళ్ళు ఆ బళ్ళు షోరూముకే వెళ్ళేవి కాబట్టి నాకు వేడి తగల్లేదు.

తగిలింది 2022 జులై గోదావరి వరదల తర్వాత. లంక ఊళ్ళలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి, బళ్ళు రోజుల తరబడి మునిగిపోయాయి. నీళ్ళు తీశాక ట్రాలీల మీద షెడ్డుకి తెచ్చేవారు. పాత బళ్ళన్నీ బాగుచేశాను. ఆయిల్ మార్చి, కార్బొరేటర్ కడిగి, బ్రేకులు ఊడదీసి బురద తీస్తే స్టార్టయ్యాయి. కొత్త బళ్ళు మాత్రం కిక్ కొట్టినా, సెల్ఫ్ నొక్కినా ఊఁ అనలేదు. మీటర్ మీద ఇంజిన్‌లో తేడా ఉందని చెప్పే పసుపు లైటు ఒక్కటే వెలుగుతూ ఉండేది. "ఏం బాబాయ్, నువ్వు కూడా చెయ్యలేవా?" అని మా ఊరి కుర్రాడు అడిగాడు. కోపంగా అడగలేదు, నమ్మకంతో వచ్చి అడిగాడు. అదే ఎక్కువ బాధపెట్టింది. ఆ నెలలో 11 బళ్ళు అమలాపురం పంపించాను.

నేర్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను. ఎక్కడ అన్నది తేలడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

2023 సెప్టెంబరులో చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం మొదలైతే ఆశపడి మా ఊరి సచివాలయానికి వెళ్ళాను. శిక్షణలో రోజుకి 500 స్టైపెండు, పనిముట్లకి 15,000 వరకు సాయం. లిస్టులో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, దర్జీ, పడవలు కట్టేవాళ్ళు, వలలు అల్లేవాళ్ళు ఉన్నారు. మెకానిక్ లేడు. ఆ తర్వాత ఆర్‌పీఎల్ గురించి తెలిసింది. ఇప్పటికే పని వచ్చినవాళ్ళకి కొద్దిపాటి ఓరియెంటేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. దానికి ఆధార్‌తో ఓటీపీ కావాలి. నా ఆధార్‌లో ఉన్నది ఎప్పుడో పోయిన ఫోన్ నంబరు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఇవి సరిచేసుకోవడానికే మూడు వారాలు తిరిగాను. ఈ బాటలో వెళ్ళేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే: కోర్సు వెతకడానికి ముందు ఆ రెండూ చూసుకోండి.

సర్టిఫికెట్ వచ్చింది, సంతోషించాను. కానీ అది నాకు వచ్చిన పనికి వేసిన ముద్ర. రాని పని ఎవరో ఒకరు నేర్పాలి.

చివరికి భీమవరంలో ఒక ప్రైవేటు ట్రైనింగ్ సెంటర్‌లో 12,000 కట్టి నెల రోజుల కోర్సులో చేరాను. పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి దాటి నరసాపురం చేరి, అక్కడి నుంచి బస్సు. షెడ్డు మూత. రోజుకి వచ్చే ఏడెనిమిది వందలు పోయేవి. మా ఆవిడ డ్వాక్రా గ్రూపులో అప్పు తీసింది. క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు. మొదటి ఎనిమిది రోజులు ఇంగ్లీషు స్లైడులే, ఒక్క బండిని ముట్టుకోనివ్వలేదు. వైరింగ్ డయాగ్రామ్ తెర మీద వేస్తే నాకు రంగురంగుల గీతలు కనిపించేవి తప్ప ఒక్కటీ ఎక్కేది కాదు. తొమ్మిదో రోజు మానేద్దామనుకున్నాను.

ఆ సాయంత్రం పంటు మీద మా ఊరి ఎలక్ట్రీషియన్ కలిశాడు. నాకు తమ్ముడి వరస. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల మోటార్లు చూస్తాడు. నోట్సు తీసి చూపించాను. అతను డయాగ్రామ్ పక్కన పెట్టి, ఖాళీ పేజీలో మూడు గీతలు గీశాడు. "అన్నయ్యా, మన చేను అనుకో. ఇది బోదె, నీళ్ళొచ్చే పిల్లకాలువ, ఐదు వోల్టులు ఇటు నుంచి వస్తాయి. ఇది మురుగు కాలువ, ఎర్త్. మధ్యలో సెన్సార్ తూము లాంటిది. నువ్వు యాక్సిలరేటర్ ఎంత తిప్పితే తలుపు అంత లేస్తుంది. చేలో నీళ్ళు ఎంత ఉన్నాయో మూడో వైరు ఈసీయూకి చెబుతుంది. బోదె పూడిపోతే చేను ఎండుతుంది. మురుగు పూడిపోతే చేను మునుగుతుంది."

అంతే. పంటు నరసాపురం రేవు నుంచి మన రేవుకి వచ్చేలోపు యాక్సిలరేటర్ ఎంత తిప్పామో చెప్పే థ్రాటిల్ సెన్సార్ నాకు అర్థమైంది. పుట్టినప్పటి నుంచి కాలువ నీళ్ళు చూస్తున్నవాడిని, ఇది నాకు కొత్త విషయం కాదు. మర్నాడు క్లాసులో మాస్టారిని బతిమాలి బండి మీద వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశాను. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు అర వోల్టు చిల్లర. మెల్లగా తిప్పుతుంటే అంకె ఒకటి, రెండు, మూడు దాటి నాలుగు పైకి ఎక్కింది. ఆ అంకెలు ఎక్కుతుంటే నా చేతికి బండి మళ్ళీ పలికినట్టనిపించింది. ఆ మాస్టారు మంచివారు, మిగిలిన రోజులు సగం క్లాసు బళ్ళ దగ్గరే జరిపారు.

కష్టపడేవాడికి చదువు అతని భాషలో, అతని చేతికి అందేలా చెప్పాలి. సాయంత్రం పూట చెప్పాలి. పగలు షెడ్డు మూస్తే పొయ్యి వెలగని ఇళ్ళు మావి.

కోర్సు అయ్యాక 18,000 పెట్టి, ఈసీయూ పట్టుకున్న తప్పుని కోడ్‌గా చూపించే స్కానర్ కొన్నాను. మొదట్లో వచ్చిన బళ్ళలో ఒకటి అంతర్వేది వైపు నుంచి వచ్చింది. స్కానర్ పెడితే పీ0122 అని చూపించింది, అంటే థ్రాటిల్ సెన్సార్ వోల్టేజీ తక్కువ. వేరే చోట ఆ సెన్సార్ ఉండే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారట, వేలల్లో ఖర్చు. నేను ముందు బోదె చూశాను. వైర్లు కలిపే కప్లర్‌లో ఐదు వోల్టులు రావాల్సిన చోట సున్నా. కప్లర్ ఊడదీసి టార్చి వేస్తే, మూడు పిన్నుల్లో ఒకదాని మీద పచ్చటి చిలుము, ఆవగింజంత. సముద్రపు ఉప్పుగాలికి పట్టింది. సన్నటి బ్రష్‌తో గీకి, క్లీనర్ కొట్టి, ఆరాక బిగించాను. లైటు ఆరిపోయింది. 150 తీసుకున్నాను.

తేడా ఏ సెన్సార్ వైపు ఉందో స్కానర్ చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. అది చూడటానికి మా మావయ్య నేర్పిన కన్నే కావాలి. పాత పని వృథా పోతుందని భయపడే తోటి మెకానిక్‌లకి ఇది గట్టిగా చెబుతాను.

ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు వస్తున్నాయి. ఉంగరం, వాచీ తీసేసి, గ్లవ్స్ వేసుకున్నాకే ఆ బ్యాటరీ దగ్గరికి వెళ్తాను. ఆ కోర్సు ఇంకా చెయ్యాలి, వచ్చే వేసవికి డబ్బు దాస్తున్నాను.

ప్రతి గురువారం రాత్రి ఏడున్నరకి చుట్టుపక్కల మెకానిక్‌లు ఐదారుగురు మా షెడ్డుకి వస్తున్నారు. గోడ మీద సుద్దతో బోదె, తూము, మురుగు కాలువ గీసి మొదలుపెడతాను. డబ్బేమీ వద్దు. మల్టీమీటర్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, నా దగ్గర ఒక్కటే ఉంది.