వీలునామా కింద దొరికిన ఇంటిపేరు

మా అత్తగారిది పెన్సిల్వేనియా. పుట్టింటి పేరు కార్పెంటర్. తమ పెద్దలు ఇంగ్లాండ్ నుంచి వచ్చారనే ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నారు. అమెరికాలో మొదట అడుగుపెట్టిన ఆ మనిషెవరో ఆవిడకు చెప్పాలని నేనే మొదలుపెట్టాను.

1850 దాకా సులువే. ఆ ఏడాది జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయి. అంతకుముందు ఇంటి పెద్ద పేరొక్కటే రాసి, భార్యాపిల్లల్ని అంకెల్లో చూపించారు. బానిసలకైతే 1850లోనూ పేర్లు రాయలేదు, వయసూ రంగూ రాసి వదిలేశారు. అది చూసి మనసు చివుక్కుమంది.

లాంకాస్టర్ కౌంటీ వీలునామాల పుస్తకంలో మా వాళ్ల పెద్దాయన దొరికాడు. అక్కడా కార్పెంటరే. దాన్ని నమ్మి ఏడాదిపాటు ఇంగ్లాండ్ చర్చి రికార్డులు వెతికాను. ఏమీ దొరకలేదు. చివరికి లైబ్రరీలో ఒక పెద్దావిడ, “నువ్వు చూసింది గుమాస్తా దించుకున్న కాపీ, అసలు కాగితం చూశావా?” అని అడిగింది.

అసలు కాగితం కింద సంతకం పాత జర్మన్ రాతలో ఉంది. లిపి చార్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. మధ్యలో ‘ఎమ్’ ఒకటే, దాని నెత్తిన అడ్డగీత. రెండు ఎమ్‌లకు బదులు అలా గీసేవారట, మన వత్తులాగా. త్సిమ్మర్‌మన్! జర్మన్‌లో వడ్రంగి. గుమాస్తా ఆయన ఇంటిపేరునే ఇంగ్లిష్‌లోకి మార్చేశాడు. మా కరీంనగర్ వైపు వడ్రంగులకు ‘వడ్ల’ అని ఇంటిపేరు ఉంటుందని చెబితే అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఇక ఓడ వెతకాలి. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవాళ్లతో బ్రిటన్ రాజుకు విధేయంగా ఉంటామని ప్రమాణం చేయించి సంతకాలు తీసుకునేవారు. ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. కెప్టెన్ జాబితాలో పేర్లు చెవికి వినపడ్డట్టు రాసి ఉంటాయి కాబట్టి నేను సంతకాలే చూశాను. త్సిమ్మర్‌మన్‌లు చాలామందే ఉన్నారు. ఎమ్ మీద గీత అప్పట్లో అందరూ పెట్టేదే, దాన్ని బట్టి తేల్చలేం. మొదటి పేరు కలవాలి, పెద్దక్షరం తిప్పిన తీరు కలవాలి.

ప్రస్తుతానికి ఇద్దరు మిగిలారు. ఆ రెండు సంతకాలూ, వీలునామా సంతకమూ పెద్దవిగా ప్రింట్ తీసి అత్తగారి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. ఆవిడ పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని భూతద్దంతో వాటినే చూస్తున్నారు.