గుడి దారిలో రైళ్ళు: ఎడిసన్‌లో పిల్లల ఇంటి నుంచి ట్రైన్ స్పాటింగ్

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళే రైల్‌ఫ్యాన్‌లు (రైళ్ళు చూడడం, ఫొటోలు తీయడం సరదాగా ఉన్నవాళ్ళు) చాలామంది రైళ్ళ కోసం విడిగా ఒక టూరు వేసుకుంటారు. దానికి అల్లుడో కొడుకో సెలవు పెట్టాలి, మనవల క్లాసులు చెడాలి, చివరికి ఆ టూరు రద్దయిపోతుంది. న్యూజెర్సీలో ఇదంతా అక్కర్లేదు. మనవాళ్ళు ఎలాగూ వెళ్ళే చోట్ల పక్కనే మంచి స్పాట్లున్నాయి. మన షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు పక్కన మెట్రోపార్క్ స్టేషన్, రాబిన్స్‌విల్ అక్షరధామ్‌కి దగ్గర్లో ప్రిన్స్‌టన్ జంక్షన్, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి పది నిమిషాల దూరంలో బౌండ్ బ్రూక్, పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళే దారిలో స్ట్రాస్‌బర్గ్, హార్స్‌షూ కర్వ్. ఇంటివాళ్ళ ప్రోగ్రామ్ ముందు తెలుసుకుని, దాని పక్కన మీ గంటన్నర పెట్టుకోవాలి.

ముందు మెట్రోపార్క్ సంగతి. ఓక్ ట్రీ రోడ్డులో సరుకులు, బట్టలు, టిఫిన్లు అయ్యేసరికి రెండు గంటలు పడుతుంది. మిమ్మల్ని స్టేషన్‌లో దింపి వాళ్ళు షాపింగ్‌కి వెళ్ళొచ్చు. కారులో పది నిమిషాలు కూడా పట్టదు. ఇది బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా 457 మైళ్ళ నార్త్‌ఈస్ట్ కారిడార్. ఇక్కడ నాలుగు లైన్లు, రెండు పక్కలా రెండు ప్లాట్‌ఫారాలు. మధ్య రెండు లైన్లకీ ప్లాట్‌ఫారం లేదు. ఆగే రైలు బయటి లైన్లోకి వస్తుంది, ఆగని ఎక్స్‌ప్రెస్ మధ్య లైన్లో దూసుకుపోతుంది.

ఫొటోలు చెడేది ఇక్కడే. ఆమ్‌ట్రాక్ (దేశవ్యాప్త ప్యాసింజర్ రైళ్ళ సంస్థ) వాళ్ళ వేగమైన రైలు ఆసెలా వచ్చే క్షణానికి మీ ముందున్న బయటి లైన్లో న్యూజెర్సీ ట్రాన్సిట్ లోకల్ వచ్చి ఆగితే మీకు కనబడేది దాని గోడ ఒక్కటే. లోకల్ రైలుకు పది పన్నెండు కోచ్‌లుంటాయి. కోచ్ 85 అడుగులు, అంటే పన్నెండు కోచ్‌లకు 300 మీటర్లు దాటుతుంది. అందుకని ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడొద్దు, చివరికి నడవండి. న్యూజెర్సీ ట్రాన్సిట్ యాప్‌లో డిపార్చర్‌విజన్ తెరిస్తే రాబోయే రైళ్ళు, అవి ఏ ట్రాక్ మీదకు వస్తాయో కనబడుతుంది. ఆమ్‌ట్రాక్ వెబ్‌సైట్‌లోని మ్యాపులో వాళ్ళ రైలు ఎక్కడ ఉందో కనబడుతుంది. రెండూ పక్కపక్కన చూసుకుంటే ఏది దేన్ని కప్పేస్తుందో ఐదు నిమిషాల ముందే తెలుస్తుంది.

మన కళ్ళకు మొదటి రెండు రోజులు ఇంకో చిక్కు. మన దగ్గర డబుల్ లైన్లో బళ్ళు ఎడమ పక్కన నడుస్తాయి, ఇక్కడ కుడి పక్కన. అలవాటు కొద్దీ అవతలి వైపు చూస్తూ నిలబడితే రైలు వెనక నుంచి వస్తుంది. ఈ కారిడార్లో న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ దాకా లెవల్ క్రాసింగ్ ఒక్కటీ లేదు కాబట్టి దూరం నుంచి హారన్ వినబడుతుందన్న భరోసా పెట్టుకోవద్దు. మనవణ్ణి స్ట్రోలర్‌లో తీసుకెళ్తే చక్రాలకు బ్రేకు వేసి, పసుపు గీతకు బాగా వెనక ఉంచండి. వేగంగా వెళ్ళే రైలు గాలి తేలికైన బండిని కదిలిస్తుంది.

వెలుతురు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ లెక్క ఇక్కడ పనికిరాదు. మెట్రోపార్క్ దగ్గర లైను ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటుంది. న్యూయార్క్ వైపు ప్లాట్‌ఫారం ఆగ్నేయంలో ఉంది కాబట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ నిలబడితే సూర్యుడు మీ వెనకే ఉంటాడు. జూన్‌లో సూర్యోదయం ఐదున్నరకు కాస్త ముందే, అదీ దాదాపు ఈశాన్యంలో. ఆ వెలుతురు న్యూయార్క్ వెళ్ళే రైళ్ళ ముఖం మీద నేరుగా పడుతుంది. మొదటి వారం జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది కదా, ఆ వారమంతా దీనికి వాడుకోండి. సాయంత్రం ఐదు దాటాక ట్రెంటన్ వైపు ప్లాట్‌ఫారానికి మారండి, వేసవిలో ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది. డిసెంబరులో అయితే మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 26 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. హైదరాబాద్‌లో ఆ రోజు 49 డిగ్రీలు. కాబట్టి చలికాలంలో పన్నెండింటికి కూడా ఏటవాలు వెలుతురే, కోచ్‌ల కింద చక్రాలను పట్టి ఉంచే ఫ్రేమ్, చక్రాలు కూడా స్పష్టంగా వస్తాయి. నీడలు పొడవుగా పడతాయి, అది మాత్రం చూసుకోవాలి.

షట్టర్ సంగతి. గంటకు 200 కిలోమీటర్ల రైలు సెకనుకు 55 మీటర్లు కదులుతుంది. సెకనులో 500వ వంతు పెడితే ఆ వ్యవధిలోనే 11 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 2000వ వంతు పెడితే మూడు సెంటీమీటర్ల లోపే. ఎదురుగా ముప్పావు కోణంలో (రైలు ముఖం, పక్క రెండూ కనబడేలా) తీసేటప్పుడు 1000వ వంతు చాలు, పక్కనుంచి తీస్తే 2000 కావాలి. ఫోన్లలోనూ మిర్రర్‌లెస్ కెమెరాల సైలెంట్ మోడ్‌లోనూ సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి సుమారు 30వ వంతు సెకను పట్టిందనుకోండి, ఈలోగా రైలు దాదాపు రెండు మీటర్లు పోతుంది. నిటారుగా ఉన్న కోచ్ ఏటవాలుగా వంగినట్టు రావడానికి కారణం ఇదే. మెకానికల్ షట్టర్‌కి మార్చండి. ముందున్న ఎల్‌ఈడీ బోర్డు సగం సగం కనబడితే 250వ వంతుకు దించి పానింగ్ చెయ్యాలి (రైలుతో పాటు కెమెరా తిప్పాలి), వేరే మార్గం లేదు. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు. ట్రైపాడ్ ఇంట్లోనే వదిలెయ్యండి. పట్టాల మీదకు గానీ కంచె లోపలికి గానీ దిగడం ఇక్కడ నేరం, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు ఆ దరిదాపులకు పోకూడదు.

ఇక్కడ ఏం చూడాలి? ఆమ్‌ట్రాక్ రీజనల్ రైళ్ళను లాగేవి సీమెన్స్ ఏసీఎస్-64 ఎలక్ట్రిక్ లోకోలు (ఇంజన్లు). 2025 ఆగస్టు 28న కొత్త తరం ఆసెలా మొదలైంది, అల్‌స్టోమ్ తయారీ, రెండు చివర్లా పవర్ కారు (ఇంజన్), మధ్యలో తొమ్మిది కోచ్‌లు. 2000 డిసెంబరు నుంచి నడుస్తున్న పాత ఆసెలాకు ఆరే కోచ్‌లు. పాతవి ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి కాబట్టి అవి కనబడితే ముందు వాటినే తీసుకోండి. న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో 1970ల నాటి ఆరో-3 ఈఎంయూలకూ (విడిగా లోకో లేకుండా కోచ్‌ల కిందే మోటార్లుండే రైళ్ళకూ) ఇదే మాట. మిగతా లోకల్ రైళ్ళు పుష్-పుల్ పద్ధతిలో నడుస్తాయి, అంటే ఒక చివరనున్న లోకో ఒక దిక్కున లాగుతుంది, ఇంకో దిక్కున తోస్తుంది. ముందు క్యాబ్ కారు (డ్రైవర్ క్యాబిన్ ఉన్న కోచ్) వస్తే నిరాశపడి కెమెరా దించెయ్యకండి, లోకో తోకలో ఉంటుంది.

తలెత్తి ఓహెచ్ఈ (పట్టాల పైన కరెంటు వైరు) కూడా చూడండి. మన దగ్గర 25 కేవీ (వేల వోల్టులు), 50 హెర్ట్జ్. ఇక్కడ న్యూయార్క్–వాషింగ్టన్ మధ్య 12 కేవీ, 25 హెర్ట్జ్. 1930లలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వేసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రీక్వెన్సీ సగమైతే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము బాగా ఎక్కువ కావాలి, అందుకే ఇక్కడి లోకోలకు ఆ బరువు తప్పదు. పైగా ఏసీఎస్-64 ఈ కరెంటుతో పాటు న్యూయార్క్ అవతలి 12.5 కేవీ, 60 హెర్ట్జ్‌నీ, బోస్టన్ వైపు 25 కేవీ, 60 హెర్ట్జ్‌నీ కూడా తీసుకోవాలి. మన మాస్ట్‌ల (వైరు స్తంభాల) దగ్గర వైరు బిగువు నిలబెట్టడానికి వేలాడే బరువులుంటాయి చూడండి, ఇక్కడి పాత వైరుకు అవి లేవు. ఎండకు వైరు సాగి వేలాడుతుంది, పాంటోగ్రాఫ్ (లోకో మీద వైరును తాకే చట్రం) చిక్కుకోకుండా వేగం తగ్గిస్తారు. తల్లిదండ్రులు ఎక్కువగా వచ్చేది జులై, ఆగస్టుల్లోనే. ఆ మధ్యాహ్నాల్లో టైమ్‌టేబుల్ నమ్ముకోవద్దు, పొద్దుటి పూటే మేలు.

నిజమైన వేగం కావాలంటే న్యూ బ్రన్స్‌విక్, ట్రెంటన్ మధ్య తిన్నని భాగం. అక్కడ ప్రిన్స్‌టన్ జంక్షన్ సరైన స్టేషన్. అక్షరధామ్‌కి వెళ్ళే రోజున దిగిపోవచ్చు, లేదంటే ఎడిసన్ నుంచి లోకల్లో వెళ్ళండి. టికెట్ యాప్‌లో గానీ మెషీన్‌లో గానీ ముందే కొనాలి. మెషీన్ ఉన్న స్టేషన్లో కొనకుండా ఎక్కి కండక్టర్ దగ్గర తీసుకుంటే 5 డాలర్లు అదనం. 62 ఏళ్ళు నిండినవాళ్ళకు న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో సీనియర్ రాయితీ ఉంది. అమ్మానాన్నలకు ఫుల్ టికెట్ కొనేసే పిల్లలు చాలామందే, వయసు రుజువు వెంట పెట్టుకుని అడగండి. ప్రిన్స్‌టన్ ఊళ్ళోకి వెళ్ళే ‘డింకీ’ అనే చిన్న షటిల్ ఇక్కడి నుంచే బయల్దేరుతుంది. మూడు మైళ్ళు కూడా ఉండదు, ఐదు నిమిషాల ప్రయాణం. చిన్నపిల్లలకు అదే పెద్ద సరదా.

గూడ్స్ బళ్ళ మీద ఇష్టమున్నవాళ్ళకు బౌండ్ బ్రూక్. బ్రిడ్జ్‌వాటర్ గుడిలో కల్యాణమో అభిషేకమో ఉన్న రోజు ఎంచుకోండి. ప్రసాదం దాకా టైము పడుతుంది, దర్శనం చేసుకుని మీరు ఇటు రావచ్చు. రారిటన్ వ్యాలీ లైన్ స్టేషన్ పక్కనే లీహై లైను పోతుంది. నార్‌ఫోక్ సదర్న్, సీఎస్ఎక్స్ రెండూ దాని మీద నడుస్తాయి. ఓహెచ్ఈ లేని లైను కాబట్టి డబుల్ స్టాక్ కంటైనర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చినవి) నిరభ్యంతరంగా వెళ్తాయి. మన పశ్చిమ ఫ్రైట్ కారిడార్లో ఎత్తైన వైరు కింద చదును వాగన్ మీద రెండు పెట్టెలు పేరుస్తారు. ఇక్కడ గేజ్ (పట్టాల మధ్య దూరం) మన 1676 మిల్లీమీటర్లు కాదు, 1435. కింది పెట్టె చక్రాల జతల మధ్య పల్లంలోకి దిగి కూర్చునే వెల్ కార్లు వాడతారు. గూడ్స్‌కి టైమ్‌టేబుల్ ఉండదు. గంటన్నరలో మూడు రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు.

లోకో మీద లాలాగూడ, కాజీపేట, విజయవాడ అని షెడ్ పేరు వెతికే అలవాటు ఇక్కడ కుదరదు. కంపెనీ రంగు చూడాలి, క్యాబ్ పక్కన నంబరు కింద చిన్న అక్షరాల్లో మోడల్ చదవాలి. పశ్చిమాన తిరిగే యూనియన్ పసిఫిక్ పసుపు లోకోలు, బీఎన్ఎస్ఎఫ్ నారింజ లోకోలు కూడా అప్పుడప్పుడు వీటితో కలిసి వస్తాయి. చెవికి మాత్రం కొత్తదనం ఉండదు. నార్‌ఫోక్ సదర్న్ ఎస్‌డీ70 లోకోలో ఉన్నది గుత్తి షెడ్ డీజిల్ లోకో డబ్ల్యూడీజీ-4లో ఉండే టూ-స్ట్రోక్ 710 ఇంజన్ కుటుంబమే. ఈఎస్44 మోడల్‌లో ఉన్నది బీహార్‌లోని మఢౌరాలో తయారైన డబ్ల్యూడీజీ-4జీ తాలూకు ఫోర్-స్ట్రోక్ ఇంజన్ కుటుంబం. కళ్ళు మూసుకుని వింటే రెండిటికీ తేడా తెలిసిపోతుంది.

చలికాలంలో ఇలా గంటలు నిలబడితే బ్యాటరీ సగానికి పడిపోతుంది, స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉంచుకోండి. వేడిగా ఉన్న కారులోకి వచ్చే ముందు కెమెరాను జిప్ కవర్లో వేసి మూసెయ్యాలి. లేకపోతే తేమంతా లెన్స్ మీద చేరుతుంది.

ఇక పిట్స్‌బర్గ్ ప్రయాణం. 1970లలో వెలిసిన ఆ వేంకటేశ్వరస్వామి గుడికి న్యూజెర్సీ నుంచి మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వెళ్తారు. ఒక్క రోజులో కాకుండా మధ్యలో ఒక రాత్రి ఆగేలా ఒప్పించండి. ఎడిసన్ నుంచి రెండు రెండున్నర గంటల్లో లాంకాస్టర్ పక్కన స్ట్రాస్‌బర్గ్. 1832లో చార్టర్ (ప్రభుత్వ అనుమతి) పొందిన లైను, నాలుగున్నర మైళ్ళు, బొగ్గుతో నడిచే స్టీమ్ ఇంజన్లు, రానూపోనూ ముప్పావు గంట. పిల్లలు, పెద్దవాళ్ళు అందరూ కూర్చుని వెళ్ళే రైలు కాబట్టి ఇక్కడ ఎవరినీ బతిమాలక్కర్లేదు. రోడ్డుకు అవతల ‘రైల్‌రోడ్ మ్యూజియం ఆఫ్ పెన్సిల్వేనియా’. అందులో రెండు జీజీ1 ఎలక్ట్రిక్ లోకోలున్నాయి, నంబర్లు 4800, 4935. మెట్రోపార్క్‌లో మీరు తలెత్తి చూసిన వైరు కిందే ఒకప్పుడు ఈ రకం నడిచింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 4800 మొదటి నమూనా కాబట్టి ఒళ్ళంతా రివెట్లు, తర్వాతి దాని ఒళ్ళు వెల్డింగ్‌తో నున్నగా ఉంటుంది.

మర్నాడు పెన్సిల్వేనియా టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) మీద బెడ్‌ఫర్డ్ దగ్గర దిగి ఐ-99 మీద ఉత్తరానికి నలభై మైళ్ళ లోపు వెళ్తే ఆల్టూనా. అక్కడే హార్స్‌షూ కర్వ్. 1854 ఫిబ్రవరి 15న తెరిచారు. లోయ చుట్టూ గుర్రపు నాడాలా 220 డిగ్రీలు తిరిగే వంపు, ఇప్పుడు మూడు లైన్లు. పార్కు వంపు లోపల ఉంటుంది, పైకి 194 మెట్లు గానీ చిన్న ఫ్యునిక్యులర్ (తాడుతో కొండ ఎక్కించే పెట్టె) గానీ. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకు ఫ్యునిక్యులరే దారి. సీజన్లోనే తెరుస్తారు కాబట్టి బయల్దేరే ముందు అది నడుస్తోందో లేదో చూసుకోండి. అనంతగిరి కొండల్లో మన కిరండూల్ లైన్లో ఖనిజం లోడు దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. ఇక్కడ రెండు వైపులా లోడే. ఎక్కే బండి వస్తున్నట్టు చాలా సేపటి ముందే కింద లోయలోంచి మోత వినబడుతుంది. దిగే బండికి డైనమిక్ బ్రేకుల (లోకో మోటార్లతోనే వేగం తగ్గించే బ్రేకుల) ఫ్యాన్ల హోరు ఉంటుంది, బ్రేకులు కాలిన వాసన కూడా. బండి తల వంపు దాటగానే అయిపోయిందనుకుని కిందికి దిగకండి. బరువైన బళ్ళకు తోకలో బ్యాంకర్లు (వెనక నుంచి తోసే లోకోలు) ఉంటాయి, ముందు లోకోలు అవతలి కొండ చాటుకు వెళ్ళిపోయాక అవి మీ ఎదురుగా పూర్తి శక్తితో తోసుకుంటూ వస్తాయి.