దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

రెండు దూరపు నగరాల మధ్య విమానంలో ఎన్ని గంటలు పడుతుందని అడిగితే, దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి జవాబు చెప్పేవారిని తరచుగా చూస్తుంటాను. ఆ భాగహారం ఎక్కడ తప్పుతుందో చూపడానికి ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య మార్గాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

భూగోళం మీద ఈ రెండింటికీ నడుమ అతి దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం బిగించి చూస్తే అది టిబెట్, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ ప్రాంతానికి ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది. దూరం లెక్కగట్టే సైట్లు చూపే అంకె ఇదే. కానీ క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం త్వరగా సుమారు 10,000 అడుగులకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే అంతకంటే ఎక్కువ కనుక, దారంలా తిన్నగా పోవడం అన్నివేళలా కుదరదు.

ఎయిర్ ఇండియా తొలుత ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు పోయే విమానాన్ని అట్లాంటిక్ మీదుగా, దాదాపు 13,900 కిలోమీటర్ల దారిలో నడిపింది. 2016 అక్టోబరులో దానిని పసిఫిక్ మీదుగా మళ్లించినప్పుడు దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. అంటే నేల మీద కొలిస్తే సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్లు దాటింది. ఆ బోయింగ్ 777 ఇంజిన్ల శక్తి పెరగలేదు. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ దానిని వెనుక నుంచి తోసింది. సుమారు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, చలికాలంలో మరింత ఉధృతంగా వీచే ఈ గాలి, అట్లాంటిక్ దారిలో పడమరకు పోయే విమానానికి ఎదురుగాలి. విమానం వేగం దాని చుట్టూ ఉన్న గాలితో పోల్చి కొలిచేది కాబట్టి, ఆ గాలే కదులుతున్నప్పుడు నేల మీది లెక్క మారక తప్పదు. లండన్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు ఎనిమిది గంటలు పడితే, తిరుగు ప్రయాణం ఏడు గంటల్లో ముగియడానికీ కారణం ఇదే.

గాలి ఒక్కటే కాదు, గగనతలంపై ఆంక్షలూ గంటలను మారుస్తాయి. 2022లో ఐరోపా విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకి, టోక్యోల మధ్య సుమారు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటల దాకా పెరిగింది. నగరాలు ఉన్నచోటే ఉన్నాయి.

అందుకే నేను దూరం అంకెకు బదులు, రానూ పోనూ విడివిడిగా, ప్రయాణించే నెలకు సంస్థ ప్రకటించిన వ్యవధినే చూస్తాను. గేటు నుంచి గేటు వరకు లెక్కించే ఆ వ్యవధిలో రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా సాగే సమయం, అక్కడి నిరీక్షణ కూడా కలిసి ఉంటాయి.