సెల్ఫ్ కొట్టని బండి, నా మీద హాఫ్ క్లచ్ నింద

మొన్న ఆదివారంతో ఈ బండి గొడవ తీరింది. గోళ్ళల్లో గ్రీజు ఇంకా పోలేదు, కోపం అసలే పోలేదు, అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

నాది 2011 మోడల్ పెట్రోల్ కారు, చిన్నది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. అంటే రోజూ కాజ టోల్‌గేట్ దాటి వెళ్ళి రావాలి. పొద్దున్నే ఇంటి దగ్గర ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యేది. ఎండలో నడిపి ఎక్కడైనా ఆపి మళ్ళీ తాళం తిప్పితే మాత్రం టక్‌మని ఒక చప్పుడు, అంతే, డాష్‌బోర్డు లైట్లన్నీ డిమ్ అయిపోయేవి, ఒక్కోసారి గడియారం కూడా మళ్ళీ మొదటికొచ్చేది. కాసేపు ఆగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. ఇంకో విచిత్రం ఏంటంటే నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేస్తే టెంపరేచర్ ముల్లు కొంచెం పైకి లేచేది, ఆపేస్తే దిగేది. ఇంజన్ వేడికీ హెడ్‌లైట్లకీ ఏం సంబంధం చెప్పండి.

బ్యాటరీ ఎలాగూ పాతదే, మార్చేశా. తగ్గలేదు. మా వీధి చివర ఎలక్ట్రీషియన్ సెల్ఫ్ మోటార్ దింపి కార్బన్ బ్రష్‌లు మార్చాడు, కొన్నాళ్ళు బాగానే ఉంది, మళ్ళీ మొదలు. అప్పుడప్పుడు వచ్చే ప్రాబ్లంతో ఇదే తంటా, ఎవడు ఏం మార్చినా నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటది, వాడు గొప్పోడు అయిపోతాడు.

ఇక సర్వీస్ సెంటర్. పేరు చెప్పను గానీ ఏసీ హాలు, కాఫీ మెషిను, సోఫాలు, అన్నీ ఉన్నాయి. కౌంటర్లో కుర్రాడు నేను చెప్పేది వింటూ వింటూ మధ్యలో "మేడమ్, సార్ రాలేదా?" అన్నాడు. ఏ సార్ బాబూ అంటే మీ సార్ అంటాడు. మా ఆయనకి డ్రైవింగే రాదు, పక్క సీట్లో కూర్చుని కూడా పైన హ్యాండిల్ పట్టుకునే మనిషి. బండి నాదీ, నడిపేది నేనూ, నాకే చెప్పు అన్నాను. సరే మేడమ్ అన్నాడు గానీ కళ్ళు మాత్రం కంప్యూటర్ మీదే.

టెంపరేచర్ ముల్లు సంగతి, గడియారం సంగతి, ఎండలోనే వస్తుందన్న సంగతి అన్నీ వరసగా చెప్పాను. ఈమధ్య క్లచ్ బిగుసుకుపోతుందనీ, ఒకసారి టోల్ దగ్గర గబగబా నాలుగైదుసార్లు సెల్ఫ్ కొడితే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చిందనీ కూడా చెప్పాను. జాబ్ కార్డులో చూస్తే స్టార్టింగ్ ప్రాబ్లం, క్లచ్ హార్డ్, అని రెండే ముక్కలు. మిగతాదంతా గాలికి పోయింది.

బండి వాళ్ళ దగ్గర ఉన్నన్నాళ్ళూ నిక్షేపంగా స్టార్ట్ అయింది, అవదూ మరి, షెడ్డు నీడలో చల్లగా పడుకోబెట్టి తిప్పితే! స్కానర్ పెడితే లో వోల్టేజ్ కోడ్ ఒకటి వచ్చిందట, అది పాత బ్యాటరీ అప్పటిదై ఉంటుందిలే అని డిలీట్ చేసేశారు. ఎర్త్, అంటే ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంట్ తిరిగొచ్చే దారి, చెక్ చేశారా అని అడిగితే ఒక మెకానిక్ మల్టీమీటర్ తెచ్చి నా ఎదురుగానే ఎర్త్ కేబుల్ రెండు చివర్లా ముట్టించి బీప్ వినిపించాడు. "చూశారుగా మేడమ్, ఎర్త్ పర్ఫెక్ట్." తేల్చింది ఏంటయ్యా అంటే ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మీద డౌట్, మారిస్తే 38 వేలు, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం. డౌటుకి 38 వేలు! వద్దన్నాను. క్లచ్ కేబుల్ లోపల లైనింగ్ కరిగి జామ్ అయిందని అది మాత్రం మార్చారు.

అసలు మంట ఇక్కడుంది. బిల్లు కడుతుంటే ఆ కుర్రాడు హాలు మొత్తానికి వినపడేలా "మేడమ్ మీరు హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నారు, లేడీస్‌కి ఎక్కువ ఇదే అలవాటు, అందుకే కేబుల్ పోయింది" అన్నాడు. సోఫాలో పేపర్ చదువుతున్న ఒకాయన తల ఎత్తి నన్ను చూసి చిన్నగా నవ్వాడు కూడా. నేను డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు వీడు బడికి కూడా వెళ్ళి ఉండడు. అక్కడితో అయిందా, జాబ్ కార్డులో రెండో నంబర్ మా ఆయనది ఉంటే దానికి ఫోన్ చేసి "సార్, మేడమ్‌కి కొంచెం చెప్పండి, క్లచ్ మీద కాలు పెట్టుకుని నడపొద్దని" అన్నాడట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఈ మహానుభావుడు "కాలు కొంచెం తీసి నడపవచ్చుగా" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో వంట లేదు.

ఇంటర్ పిల్లలకి ఓమ్స్ లా చెప్పే దాన్ని, నాకు బీప్ వినిపించి పంపిస్తారా అనుకుని నేనే మొదలుపెట్టా. బీప్ అంటే ఏంటి, రెండు చివర్లకీ ఎక్కడో ఒక దారి ఉందని, అంతే. లోపల ఒక్క రాగి పోగు మిగిలినా బీప్ వస్తది. తూముకి చెత్త అడ్డం పడ్డా సన్నగా నీళ్ళు కారుతూనే ఉంటాయి, అది చూసి చేను తడిసిపోతుందంటే ఎట్లా? సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. 150 ఆంపియర్లు పారేచోట ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉన్నా ఒకటిన్నర వోల్ట్ అక్కడే తినేస్తుంది. కాబట్టి కరెంట్ పారేటప్పుడు కొలవాలి, ఊరికే ఉన్నప్పుడు కాదు.

మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్ట్ మీదే), ఇంకోటి ఇంజన్ మీద శుభ్రమైన ఇనుము చూసి ఆనించి పట్టుకోవాలి, వేరే మనిషి సెల్ఫ్ కొట్టాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి, చున్నీ, వైర్లు ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.2, మహా అయితే 0.3 వోల్టుల కన్నా తక్కువ చూపించాలి. తాళం తిప్పడానికి మా ఆయన్నే కూర్చోబెట్టా, పాపం బండి దానంతటదే వెళ్ళిపోతుందేమో అని రెండు చేతుల్తో స్టీరింగ్ పట్టుకున్నాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తే 0.2 దగ్గరే ఉంది. ఇక్కడే చాలామంది బాగుందనుకుని వదిలేస్తారు. నేను ఆయన్ని అలాగే కూర్చోబెట్టుకుని మంగళగిరి దాకా వెళ్ళొచ్చి, మిట్టమధ్యాహ్నం ఇంటి ముందు ఆపి మళ్ళీ పెట్టా. టక్. మీటర్‌లో 7 దాటింది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఏడు వోల్టులు తిరుగు దారిలోనే పోతుంటే మోటారుకి ఏం మిగులుద్ది?

తర్వాత ముక్కలు ముక్కలుగా చూశా. పోస్ట్ నుంచి క్లాంపుకి దాదాపు సున్నా. అవతల థింబుల్ (కేబుల్ చివర బోల్టు పట్టే లోహపు ముక్క) నుంచి గేర్‌బాక్స్‌కి కూడా అంతే. మొత్తం ఆ కేబుల్‌లోనే. మీటర్ లేనివాళ్ళకి ఇంకా సులువు, జంపర్ కేబుల్ నల్లది తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ ఇనుముకి పట్టించి సెల్ఫ్ కొట్టండి. నాది వెంటనే గిర్రున తిరిగింది, ఆయన ఉలిక్కిపడ్డాడు.

ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన షాపుకి తీసుకెళ్ళా. ఈయన బానెట్ ఎత్తి ఎర్త్ కేబుల్ చూడకముందే "అమ్మా, క్లచ్ కేబుల్ ఈమధ్యే మార్పించారా?" అని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎర్త్ పోయిన బండిలో సెల్ఫ్ కరెంటు బ్యాటరీకి తిరిగి రావడానికి ఇంజన్నీ బాడీనీ కలిపే ఏ ఇనుము దొరికితే దాన్ని పట్టుకుంటుంది, క్లచ్ కేబుల్ లోపల ఉండేది ఇనప తీగే, అది కాలి లైనింగ్ కరిగిపోతుంది. ప్లాస్టిక్ వాసన అదే! టెంపరేచర్ ముల్లు ఆడింది కూడా ఆ ఎర్త్ వల్లే. హాఫ్ క్లచ్ అట, హాఫ్ క్లచ్!

పాత కేబుల్ పైన చూస్తే నున్నగా ఉంది. గేర్‌బాక్స్ వైపు తొడుగు బ్లేడుతో కోస్తే లోపల రాగి కనపడలేదు, ఆకుపచ్చ పొడి రాలింది, గోటితో గీకితే పోగులు పుటుక్కున తెగిపోతున్నాయి, నాలుగైదు మాత్రం ఇంకా ఎర్రగా మెరుస్తున్నాయి, బీప్ ఇచ్చినవి అవే. 25 స్క్వేర్ ఎంఎం కేబుల్ కోసి, థింబుల్స్ క్రింప్ చేసి, గేర్‌బాక్స్ మీద బోల్టు చోటంతా ఉప్పు కాగితంతో తెల్లగా వచ్చేదాకా రుద్ది బిగించాడు. 650 రూపాయలు. మళ్ళీ కొలిస్తే ఎండలో కూడా 0.1 దాటలేదు.

ఇలాంటిది వస్తే ముందు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, బండి వేడి మీద ఉండగానే చూడమనండి, తీసేసిన సామాను అడిగి తీసుకోండి. మీటర్ పెట్టకుండా ఈసీఎం అన్నవాడి దగ్గర్నుంచి తాళాలు లాక్కుని వచ్చేయండి. మీ సార్ రాలేదా అన్నవాడి దగ్గర్నుంచి అంతకన్నా ముందే వచ్చేయండి. కోసిన కేబుల్ ముక్క పట్టుకుని సోమవారం ఆ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళా, ఆ కుర్రాడు లీవులో ఉన్నాడన్నారు. మేనేజరు సారీ చెప్పాడు, క్లచ్ కేబుల్ డబ్బులు మాత్రం ఇవ్వలేదు, కాఫీ తాగమన్నాడు. తాగలేదు.

వెనక కుడి డోర్ సెంట్రల్ లాక్ ఇప్పటికీ దానంతటదే తెరుచుకుంటుంది. దాని పని దసరా సెలవుల్లో చూడాలి, మీటర్ ఎలాగూ కొన్నాను కదా.